తీసేసిన బ్యాకప్, ఆగని ఎర్రర్

ఏలూరు పవర్‌పేటలో ఒక చిన్న ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. మూడు సిస్టంలు, ఒక ప్రింటర్, గోడ వారన ఫైళ్ల బీరువా. తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారుల లెక్కలు, కైకలూరు చేపల కమీషన్ కొట్ల పద్దులు, నాలుగైదు రైసు మిల్లుల జీఎస్టీ కాగితాలు అన్నీ ఒకే సిస్టంలో ఉన్నాయి. నాలుగేళ్ల కిందట సర్వీసు కుర్రాడొకడు వచ్చి, వారానికోసారి బ్యాకప్ (ఫైళ్లకు రెండో ప్రతి తీసి వేరేచోట దాచడం) అయ్యేలా పెట్టి వెళ్లాడు. తర్వాత ఆ హార్డ్ డిస్క్ పాడైంది. కొత్తది కొన్నారు. పాత బ్యాకప్‌ను డిలీట్ కొట్టేశారు. అయినా వారం తిరిగేసరికి, పొద్దున సిస్టం ఆన్ చెయ్యగానే తెర మూలన ఒక మెసేజ్ వస్తోంది: బ్యాకప్ జరగలేదు, చూసుకోండి.

లేని పని జరగలేదని ఫిర్యాదన్నమాట. ఇది దయ్యమేమీ కాదు. చాలాసార్లు వైరస్ కూడా కాదు. తీసేసింది పనిని మాత్రమే. ఆ పని సంగతి తెలిసినవాళ్లు లోపల ఇంకా ఉన్నారు. వాళ్లకు ఎవరూ కబురు చెప్పలేదు.

ముందు ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూద్దాం. కంప్యూటర్ తనంతట తాను బ్యాకప్ తీయాలంటే దానికి వేళకు ఎవరో గుర్తు చెయ్యాలి. విండోస్‌లో ఆ బాధ్యత టాస్క్ షెడ్యూలర్ (వేళకు పనులు పురమాయించే భాగం) చూసుకుంటుంది. దాని దగ్గర ఒక్కో పనికి ఒక్కో చీటీ ఉంటుంది. ఎప్పుడు చెయ్యాలి, ఏ ప్రోగ్రాంను నడపాలి, ఏ షరతులుంటే నడపాలి అన్నవి అందులో రాసి ఉంటాయి. ఆ ప్రోగ్రాం సిస్టంలో నిజంగా ఉందా, ప్రతి వెళ్లాల్సిన డిస్క్ తగిలించి ఉందా అన్నది చీటీకి తెలియదు. వేళ అయ్యేదాకా దానికి ఆ ఊసే పట్టదు. వేళ అయ్యాక వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఎర్రర్ రాసి ఊరుకుంటుంది. మళ్లీ వారం అదే వేళకు అదే పని. అందుకే ఈ ఎర్రర్లు అంత క్రమంగా వస్తాయి.

ఇక విండోస్‌తోనే వచ్చే బ్యాకప్ సంగతి. విండోస్ 7 వచ్చింది 2009లో. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది. కానీ దాని బ్యాకప్ సదుపాయం విండోస్ 10లోనూ, 11లోనూ కంట్రోల్ ప్యానెల్‌లో అలాగే కూర్చుని ఉంది. ‘బ్యాకప్ అండ్ రీస్టోర్’ అనే పేరు పక్కన ఇప్పటికీ విండోస్ 7 అనే రాసి ఉంటుంది. మనం వేళ మార్చకపోతే ఇది ఆదివారం సాయంత్రం 7 గంటలకు బ్యాకప్ మొదలుపెడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ ఒక్క బ్యాకప్ కోసం టాస్క్ షెడ్యూలర్‌లో రెండు చీటీలు కనిపిస్తాయి. ఒకదాని పేరు ‘ఆటోమేటిక్ బ్యాకప్’. పని చేసేది అదే. రెండోది ‘విండోస్ బ్యాకప్ మానిటర్’. బ్యాకప్ తప్పిపోయిందా అని చూడటం దీని పని. కొల్లేరు చేపల చెరువు మీద మేత సంచులు కట్టే మనిషి ఒకడు, కట్టాడో లేదో చూసి యజమానికి చెప్పే గుమస్తా మరొకడు ఉంటారనుకోండి. సంచులు కట్టేవాణ్ణి మానిపించి, గుమస్తాకు ఆ ముక్క చెప్పలేదు. గుమస్తా రోజూ ‘ఈ పూట మేత పడలేదండీ’ అని ఫోన్ చేస్తూనే ఉంటాడు. తప్పు అతనిది కాదు. మొదటి చీటీ ఒక్కటే చింపేసినవాళ్లకు జరిగేది ఇదే. అందుకే ఈ బ్యాకప్‌ను ఆపాలంటే చీటీలు చింపకూడదు. దాన్ని పెట్టిన చోటికే, అంటే కంట్రోల్ ప్యానెల్‌లోని ఆ బ్యాకప్ పేజీకే వెళ్లి, ఎడమవైపున్న ‘టర్న్ ఆఫ్ షెడ్యూల్’ నొక్కాలి.

ఇంకో రకం చిక్కు ఇంతకంటే లోతుగా ఉంటుంది. ప్రతి చీటీనీ విండోస్ రెండు చోట్ల రాసుకుంటుంది. ఒకటి మామూలు ఫైలు. అది విండోస్ ఫోల్డర్‌లో, ‘సిస్టం32’ లోపలున్న ‘టాస్క్స్’ ఫోల్డర్‌లో ఉంటుంది. రెండోది రిజిస్ట్రీ (విండోస్ తన అమరికలన్నీ రాసుకునే పెద్ద పద్దు)లో ‘టాస్క్‌కాష్’ అనే భాగం. షెడ్యూలర్ కిటికీలోంచి డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతుంది. ఎవరైనా తెలివితేటలకు పోయి ఫోల్డర్‌లోంచి ఫైలు ఒక్కటే తీసేస్తే, పద్దులో పేరు మిగిలిపోతుంది.

ఏలూరు వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణం ఏలూరే. ఆ రోజు నుంచి ఆ జిల్లా కేంద్రం భీమవరం. తాడేపల్లిగూడెం పాత జిల్లాలోనే ఉండిపోయింది. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. గెజిట్‌లో అంతా ఒక్క రోజులో మారిపోయింది. కొట్టు బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, బ్యాంకు కాగితం మీద ఉన్న జిల్లా పేరు మాత్రం ఎవరో వెళ్లి ఒక్కొక్కటీ దిద్దాలి. దిద్దని చోట పాత పేరే పలుకుతుంది. కంప్యూటర్‌లో ‘డిలీట్’ అన్న మాటకు కూడా అంతే బలం. ఏ పద్దులో కొట్టేశామో ఆ పద్దు వరకే అది చెల్లుతుంది.

రెండు పద్దులూ పొసగకపోతే టాస్క్ షెడ్యూలర్ తెరవగానే, ఈ పని చీటీ చెడిపోయింది, లేదా ఎవరో దాన్ని మార్చారు అనే అర్థంలో ఒక ఎర్రర్ వస్తుంది. 2015లో విండోస్ 10కు మారి, నచ్చక మళ్లీ 7కు వెనక్కి వచ్చినవాళ్లలో చాలామంది దీన్ని చూశారు. విండోస్ 10 రాసిన చీటీలు 7కు అర్థం కాలేదు.

ఇంతకీ ఇప్పుడే ఈ గోల ఎందుకు? విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా ఆఫీసులు పాత సిస్టం మీదే విండోస్ 11 ఎక్కించుకున్నాయి. అలా ఎక్కించినప్పుడు మన ఫైళ్లూ ప్రోగ్రాంలూ నిలిచినట్టే పాత చీటీలూ వెంట వస్తాయి. ఇదే అదనుగా పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌ను తీసేసినా అది షెడ్యూలర్‌లో రాయించిన చీటీ ఒక్కోసారి మిగిలిపోతుంది. ఆ చీటీ లేని ప్రోగ్రాంను పిలుస్తుంది.

దీన్ని ఎర్రర్ నంబరే పట్టిస్తుంది. షెడ్యూలర్‌లో చీటీ వరసలో ‘లాస్ట్ రన్ రిజల్ట్’ అనే గడి ఉంటుంది. అందులో 80070002 కనిపిస్తే, చివరి 2కు అర్థం ‘చెప్పిన ఫైలు దొరకలేదు’ అని. చివర 3 ఉంటే దారి దొరకలేదని. 5 ఉంటే అనుమతి లేదని. ఇంత పొడుగు నంబరు చూసి భయపడతాం గానీ, ఈ కోవ ఎర్రర్లలో ముందున్న 8007 ఇంటిపేరు లాంటిది. మనకు పనికొచ్చేది దాని తర్వాత వచ్చే భాగం.

మరి బ్యాకప్ వేళ ఆదివారం సాయంత్రమైతే ఎర్రర్ సోమవారం పొద్దున ఎందుకు వస్తోంది? చీటీలో ఒక చిన్న టిక్ పెట్టె ఉంటుంది. వేళకు సిస్టం ఆపేసి ఉంటే, మళ్లీ ఆన్ అయ్యాక వీలైనంత త్వరగా నడపమని దాని భావం. సాయంత్రం తాళం వేసుకుని వెళ్లే ఆఫీసులో ఆ పని మర్నాటికి వాయిదా పడుతుంది. అందుకే ‘సిస్టం ఆన్ చేస్తే చాలు వస్తోందండీ’ అంటారు. అసలు వేళకూ మెసేజ్ కనిపించే వేళకూ ఉన్న ఈ తేడా తెలియక, స్టార్టప్‌లో ఏదో ఉందని గంటలు గంటలు వెతికేవాళ్లున్నారు.

ఇక సరిచేయడం. మొదటి పని, మాట్లాడుతున్నది ఎవరో తేల్చుకోవడం. మెసేజ్‌ను మూసేయకముందే ఫోన్‌తో ఫొటో తీయండి. దాని మీద సాధారణంగా సాఫ్ట్‌వేర్ పేరో, గుర్తో ఉంటుంది. అది వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌దైతే టాస్క్ షెడ్యూలర్‌తో సంబంధమే లేకపోవచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తమ పనుల జాబితాను తామే ఉంచుకుంటాయి. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, దానిలోనే పాత పనిని తీసేయాలి.

పేరు తెలియకపోతే ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రోజువారీ డైరీ) తెరవండి. మెసేజ్ వచ్చిన నిమిషానికి ఎవరు ఏం రాశారో చూడండి. తర్వాత టాస్క్ షెడ్యూలర్‌లో అదే నిమిషానికి నడిచిన చీటీ ఏదో చూడండి. ‘వ్యూ’ మెనూలో దాచిన పనులు కూడా చూపించమని టిక్ పెట్టాలి, లేకపోతే కొన్ని కనిపించవు. పనుల చరిత్ర సాధారణంగా ఆపి ఉంటుంది. ఊహలతో వెతకడం కంటే, కుడివైపు దాన్ని ఆన్ చేసి ఒక వారం ఆగడం నయం.

దొంగ దొరికాక వెంటనే డిలీట్ కొట్టొద్దు. ముందు ‘డిసేబుల్’ చెయ్యండి. చీటీ ఉంటుంది, పని చెయ్యదు. ఆ వేళ ఒకసారి దాటిపోనివ్వండి. మెసేజ్ రాకపోతే మీ అనుమానం నిజమే. అప్పుడు తీసేయవచ్చు. మెసేజ్ వస్తే, మీరు పట్టుకున్నది వేరేవాణ్ణి. మళ్లీ ఎనేబుల్ చేసేయండి, నష్టం లేదు.

పద్దులు పొసగని చిక్కుకు మాత్రం రిజిస్ట్రీలోకి వెళ్లక తప్పదు. ఇది తెలిసినవారి చేతే చేయించండి, కానీ ఏం చేస్తున్నారో మీకూ తెలియాలి. టాస్క్‌కాష్‌లో ‘ట్రీ’ అనే కొమ్మ కింద పనుల పేర్లుంటాయి. పేరు లోపల ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదే సంఖ్యతో ‘టాస్క్స్’ అనే కొమ్మ కింద అసలు వివరం ఉంటుంది. ముందు టాస్క్‌కాష్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ (వేరే ఫైలుగా దాచడం) చెయ్యాలి. తర్వాత ఆ ఒక్క పేరు, ఆ ఒక్క సంఖ్య, ఫోల్డర్‌లో ఫైలు మిగిలి ఉంటే అది, ఇంతవరకే తీసేయాలి. విసుగుతో టాస్క్‌కాష్ మొత్తం ఊడ్చేస్తే విండోస్ సొంత పనులు కూడా పోతాయి. అప్‌డేట్లు, వైరస్ తనిఖీ, డిస్క్ సర్దుబాటు అన్నీ ఆ పద్దులోనే ఉన్నాయి.

పక్కదారి అయినా ఒక సంగతి చెప్పాలి. ఈ పద్దును దొంగలూ వాడుకున్నారు. 2022 ఏప్రిల్‌లోనే, మన జిల్లాలు మారిన నెలలోనే, ‘టారాస్క్’ అనే హానికర ప్రోగ్రాం గురించి మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. హాఫ్నియం అనే ముఠా దాన్ని వాడింది. అది తన చీటీ తాలూకు భద్రతా వివరాన్ని రిజిస్ట్రీలోంచి చెరిపేస్తుంది. దాంతో ఆ చీటీ షెడ్యూలర్ కిటికీలో కనిపించదు, కానీ వేళకు నడుస్తూనే ఉంటుంది. మన ఆడిటర్ ఆఫీసులో చెరిపిన పని కనిపిస్తోంది. అక్కడ నడుస్తున్న పని కనిపించలేదు. మీరెప్పుడూ పెట్టని బ్యాకప్ పేరుతో ఎర్రర్ వస్తుంటే మాత్రం వైరస్ తనిఖీ చేయించడమే మంచిది.

విండోస్‌లో బ్యాకప్ మెసేజ్‌లను రాకుండా చేసే వీలు కూడా ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో ‘సెక్యూరిటీ అండ్ మెయింటెనెన్స్’ దగ్గర ఒక్క నొక్కు నొక్కితే చాలు. చాలామంది సర్వీసు కుర్రాళ్లు చేసేదీ అదే. నాకది నచ్చదు. ఎర్రర్ పోతుంది, కారణం పోదు. రేపు కొత్త బ్యాకప్ నిజంగానే ఆగిపోయినా చెప్పే నోరుండదు.

ఈ కథలో అసలు నష్టం మెసేజ్ వల్ల వచ్చే విసుగు కాదు. వారం వారం వచ్చేదాన్ని మనం చదవడం మానేస్తాం. ‘ఆ, అది పాతదేలే’ అని మూసేస్తాం. ఆ అలవాటులో, కొత్త డిస్క్‌కు బ్యాకప్ అసలు పెట్టనేలేదన్న సంగతి కూడా మరిచిపోతాం. ఆ ఆడిటర్ ఆఫీసు తీరూ అదే. పాతదాన్ని డిలీట్ చేశారు, కొత్తది కొన్నారు, కొత్తదానికి చీటీ ఎవరూ రాయలేదు. పొరపాటున ఆ మెసేజే నిజం చెబుతోంది. బ్యాకప్ జరగడం లేదు.

కాబట్టి పాతదాన్ని శుభ్రం చేసిన రోజే కొత్తది పెట్టండి. పెట్టాక ఒక ఫైలును బ్యాకప్‌లోంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోని ప్రతి ఉన్నా లేనట్టే. ఇంకో ప్రతి వేరే ఊళ్లోనో, కనీసం వేరే ఇంట్లోనో ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడలో ఇళ్లూ షాపులూ మునిగాయి. ఆ బుడమేరు చివరకు చేరేది మన కొల్లేరుకే. ఏలూరు పక్కన పారే తమ్మిలేరు కూడా అక్కడికే పోతుంది. సిస్టమూ, దాని బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే నీళ్లకు రెండూ ఒకటే.

ఈ సాయంత్రం ఆఫీసు మూసే ముందు ఒక్క రెండు నిమిషాలు ఆగండి. మీ బ్యాకప్ డిస్క్ తగిలించి, అందులోని అన్నిటికంటే కొత్త ఫైలు ఏ తేదీదో చూడండి.