గూడుబండికి ఇనుప కట్టు



ముప్పదియైదేండ్లు పిల్లలచే అమరకోశము వల్లె వేయించినవాడను. చక్రమునకు నాభి, అరములు, నేమి యని చెప్పితినే కాని, ఆ నేమిపై ఇనుప కట్టు ఎట్లు నిలుచునో అరువదియైదవ యేటగాని నాకు దెలియలేదు.

మా కల్యాణదుర్గపు సీమలో నా చిన్ననాడు తిరునాళ్లకు గూడుబండ్లలో పోయెడివారము. చీకటిపడిన చోట ఎద్దులను విప్పి, బండిలోనే పరుండెడివారము. మా తాతగారి బండిని వంటచెఱకు చేయుదమని ఇంటివారనగా నాకు మనసొప్పలేదు. వెదురుబద్దల గూడు మరల గట్టుట సులభమే, చిక్కంతయు చక్రముతోనే.

మన జిల్లాలో ఏటి సగటు వాన రమారమి 550 మిల్లీమీటర్లే. ఎండకు తుమ్మకఱ్ఱ కుదించుకొనిపోవును, ఇనుము పోదు; కట్టు వదులై త్రోవలో జాఱును. చెఱువున నీరున్నచో చక్రమును నానవేసి కఱ్ఱను ఉబ్బింతురు. చెఱువెండిన యేట కట్టునే తగ్గింపవలెను.

కమ్మరి యాచారి చక్రమును త్రాటితో కొలిచి, కట్టును కోసి, దానికంటె రవంత చిన్నది చేయబూనెను. చిన్నది పెద్దదానిపై ఎట్లెక్కును? వినుడు. 15 అడుగుల కట్టునకు 500 సెంటీగ్రేడు డిగ్రీల వేడి యెక్కినచో రమారమి అంగుళము సాగును. పిడకల మంటలో కాచి, పట్టకార్లతో చక్రముపై దింపి, కఱ్ఱ మాడకమునుపే నీరు పోయుదురు. ఇనుము ముడుచుకొని పూటీలను, ఆకులను బిగించును.

అంతకుముందు కోసిన కొనలను అతుకవలెను. కొనలను పలుచన చేసి, ఇసుక చల్లి, తెల్లని కాకలో సమ్మెటతో కొట్టవలెను. ఇసుక కరగి పైపొరను కడిగివేయును. నేనే యతికెదనని పూనితిని. తిత్తి యూదుచు మైమఱచితిని. రవ్వలు చిమ్మి, కొన మాడి పొరలుగా రాలినది. కట్టు పొట్టిదాయెను, ఆచారి వేఱొక తునుక చేర్చవలసి వచ్చినది. అందుచే రెండతుకులు. మరుసటిసారి భయపడి ఎఱుపులోనే కొట్టితిని, అతుకలేదు.

“అయివారూ, రంగు సూసి కొట్టల్ల!” అని యాతడు నవ్వెను.

అమెరికాలో 1936లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ అల్యూమినియపు రేకులతో క్లిప్పర్ అను నివాసశకటమును నిర్మించెను. అట్టి పాతబండ్లను నేడచట ముచ్చటపడి బాగుచేసికొనువారు గలరు. వారి పాట్లు వేఱు: అల్యూమినియము 660 డిగ్రీలకే, ఎఱ్ఱబడకయే కరగిపోవును. మన ఇనుము ముందుగా రంగుతో హెచ్చరించును గదా!

మూడవసారి నా యతుకు పట్టినది. బండి రెండు క్రోసులు పోయి వచ్చినది. దిగినంతనే ఆచారి తన యతుకును చూడక, వంగి నాదానినే వ్రేలితో తడవి చూచెను.