కడుపులో మంటంతా గ్యాస్ కాదు

జీర్ణాశయ క్యాన్సర్ పొట్ట లోపలి పొరలో మొదలై, గోడను తొలుచుకుంటూ బయటికి పాకుతుంది. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 9.7 లక్షల మంది దీని బారిన పడుతున్నారు, 6.6 లక్షల మంది చనిపోతున్నారు. జపాన్, కొరియా, చైనాలలో ఇది ఎక్కువ. మన దేశంలో మిజోరం ముందుంది. ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ. ఆడవారి కంటే మగవారిలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. యాభై దాటాక ముప్పు పెరుగుతుంది.

దీనికి ప్రధాన కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని గుర్తించారు. 2005లో నోబెల్ అందుకున్నారు. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 1994లోనే ప్రకటించింది. ఇరుకిళ్లలో, శుభ్రత కరవైన చోట సాధారణంగా చిన్నతనంలోనే సోకి, దశాబ్దాల పాటు పొట్టలో ఉండిపోతుంది. దాంతో పొర వాచి, పలచబడి, క్రమంగా రూపు మారుతుంది. సోకినవారిలో క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురే. రెండు వారాల మందుల కోర్సుతో చాలామందిలో ఈ బ్యాక్టీరియా పోతుంది.

ఉప్పులో ఊరబెట్టిన ఆహారం కూడా ముప్పు పెంచుతుంది. కృష్ణా డెల్టాలో జాడీల్లో ఆవకాయ, మాగాయ, తీర గ్రామాల్లో ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలు అలవాటైన రుచులు. అన్నంలో కాస్త ఆవకాయ కలుపుకున్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. రెండు పూటలా అదే ప్రధానమైన కూరగా మారి, తాజా కూరగాయలు, పండ్లు తగ్గితేనే చిక్కు. చుట్ట, బీడీ, సిగరెట్, మద్యం ముప్పును మరింత పెంచుతాయి.

జపాన్, కొరియాలలో లక్షణాలు లేనివారికీ ప్రభుత్వమే పరీక్షలు చేయిస్తుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. కాబట్టి మనిషి తన ఒంట్లో మార్పును తానే పట్టుకోవాలి. మొదట్లో ఇది అచ్చం గ్యాస్ లాగే ఉంటుంది: మంట, అరగకపోవడం, నాలుగు ముద్దలకే కడుపు నిండడం. మందుల షాపులో గ్యాస్ మాత్ర కొని వేసుకుంటే కొన్నాళ్లు ఉపశమనం కలుగుతుంది. ఈలోగానే కణితి లోతుకు దిగుతుంది. బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు, మింగడంలో కష్టం - వీటిలో ఏది కనిపించినా, నడివయసు దాటాక అజీర్తి కొత్తగా మొదలైనా ఎండోస్కోపీ చేయించాలి. కొద్ది నిమిషాల పరీక్ష అది. విజయవాడ, గుంటూరులలో, మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ సదుపాయం ఉంది. అనుమానమున్న చోట ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. వ్యాధి ఎంత పాకిందో సీటీ స్కాన్ చూపిస్తుంది.

ఇక చికిత్స. వియన్నాలో 1881 జనవరి 29న సర్జన్ థియోడోర్ బిల్రాత్ క్యాన్సర్ ఉన్న పొట్ట భాగాన్ని తొలిసారి విజయవంతంగా తొలగించాడు. లోపలి పొరకే పరిమితమైన చిన్న కణితిని నేడు ఎండోస్కోపీతోనే తీయవచ్చు. అది దాటాక నయం కావడానికి శస్త్రచికిత్సే ఆధారం. కణితి కింది భాగంలో ఉంటే పొట్టలో ఎక్కువ భాగాన్ని, పైన ఉంటే మొత్తం పొట్టను తీస్తారు. పొట్టకు రక్తం తెచ్చే ధమనుల వెంట కొవ్వులో దాగిన శోషరస గ్రంథులను కూడా తొలగిస్తారు. జపాన్ సర్జన్లు పదునుపెట్టిన ఈ పద్ధతి పేరు డీ2. వ్యాధి దశను సరిగా తేల్చడానికి పరీక్షకు కనీసం 16 గ్రంథులు అందాలి. చివరికి చిన్నపేగును పైకి లాగి అన్నవాహికకు గానీ, మిగిలిన పొట్టకు గానీ కలుపుతారు. కణితి ముదిరిన చాలామందికి ఆపరేషన్‌కు ముందు, తర్వాత కూడా కీమోథెరపీ ఇస్తారు. కణితి తీయలేని స్థితిలో ఉంటే, ఆహారం దిగే దారి చేయడానికి బైపాస్ లేదా స్టెంట్ వాడతారు.

పొట్ట లేకుండా బతకవచ్చు. రోజుకు ఆరేడు సార్లు కొద్దికొద్దిగా తినాలి. పొట్ట పూర్తిగా తీసినవారికి బి12 విటమిన్ జీవితాంతం అందాలి. ఖర్చు భయంతో ఆగిపోనక్కర్లేదు: ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం క్యాన్సర్ శస్త్రచికిత్సకు, కీమోథెరపీకి వర్తిస్తుంది. ఇంట్లో తల్లిదండ్రులకు గానీ, తోబుట్టువులకు గానీ ఈ వ్యాధి వచ్చి ఉంటే మిగతావారు హెలికోబ్యాక్టర్ పరీక్ష చేయించుకుని, సోకినట్టు తేలితే మందులు పూర్తిగా వాడాలి.