అంబాసిడర్ వెనక 'ధడ్' మంటోందా? ముందు ఈ రబ్బరు చూడండి

విశాఖపట్నం (మద్దిలపాలెం): నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టాక పాత అంబాసిడర్ స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక 'ధడ్' మని కొడుతుంది. కమాన్ కట్టలు పోయాయనో, షాక్ అబ్జార్బర్లు మార్చాలనో చాలామంది వెంటనే అనుకుంటారు. కానీ ముందు చూడాల్సిన చిన్న వస్తువు ఒకటుంది. అదే బంప్ స్టాప్ రబ్బరు.

ఏం చేస్తుంది?

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా తయారైన అంబాసిడర్ వెనక ఒకే గట్టి యాక్సిల్, దానికి రెండు వైపులా కమాన్ కట్టలు ఉంటాయి. ఉర్దూలో కమాన్ అంటే విల్లు. విల్లులా వంగిన ఈ ఉక్కు పట్టీలే బరువు మోస్తాయి. గుంత పెద్దదైతే యాక్సిల్ పైకి లేచి బాడీని తాకబోతుంది. అప్పుడు మధ్యలో ఉన్న రబ్బరు ముందు మెత్తగా నొక్కుకుని, తర్వాత గట్టిపడి ఆపుతుంది. అది లేకపోతే ఇనుము ఇనుమును కొడుతుంది. బాడీ పగుళ్లిస్తుంది, కమాన్ పట్టీ విరగొచ్చు, షాక్ అబ్జార్బర్ లోపల దెబ్బతింటుంది.

ఎందుకు పోతుంది?

ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు ఎండి చీలుతుంది. నూనె, గ్రీజు పడితే ఉబ్బి మెత్తబడుతుంది. విశాఖ లాంటి సముద్ర తీరంలో ఉప్పుగాలికి దాన్ని పట్టుకున్న రేకు, బోల్టు తుప్పు పట్టి, రబ్బరు ఊడిపోయినా డ్రైవర్‌కు తెలియదు.

ఎలా చూసుకోవాలి?

సమంగా ఉన్న చోట ఖాళీ కారు నిలిపి, యాక్సిల్‌కూ రబ్బరుకూ మధ్య సందు రెండు వైపులా కొలవాలి. తర్వాత నలుగురిని కూర్చోబెట్టి మళ్లీ కొలవాలి. కారు కదలకుండానే యాక్సిల్ రబ్బరును తాకితే, తప్పు రబ్బరుది కాదు, కమాన్ కట్టలు కుంగిపోయాయి. డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంటే సందు ఇంకా తగ్గుతుంది. సందు బాగానే ఉండి శబ్దం వస్తుంటే రబ్బరు మీద కాస్త గ్రీజు రాసి తిప్పి రావాలి. గ్రీజు చెదిరితే యాక్సిల్ అక్కడే తగులుతోందని అర్థం. ఒక్క జాకీ మీద లేపిన కారు కిందికి మాత్రం దూరొద్దు, స్టాండులు పెట్టాల్సిందే.

ఈ పొరపాట్లు వద్దు

పాత టైరు ముక్క కోసి బిగించడం, ఎత్తు ఎక్కువున్న రబ్బరు పెట్టడం మంచిది కాదు. యాక్సిల్ తొందరగా తగిలి కారు గట్టిగా ఎగురుతుంది. అరకు ఘాట్ మలుపుల్లో బరువుతో వెళ్తున్నప్పుడు బయటి వైపు రబ్బరు ఒక్కసారిగా తగిలితే వెనక చక్రం పట్టు జారే ప్రమాదం ఉంది. అసలు ఎత్తుకు సరిపోయే రబ్బరే, రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అంటే చివరి బండ్లకు కూడా 2029కల్లా 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే తనిఖీ తప్పదు. బాడీ పగిలాక వెల్డింగ్‌కు పరుగెత్తేకన్నా, ఇప్పుడే ఓసారి కిందికి వంగి చూసుకుంటే జేబుకీ, ప్రాణానికీ మేలు.