ద్రావణములు - వాని గాఢత

పరీక్షపత్రములో ద్రావణముల లెక్క కనబడినంతనే మనలో పలువురు సూత్రమును వెదకుదురు; అది జ్ఞాపకమునకు రాకున్న లెక్కనే విడిచిపెట్టుదురు. మేము చెప్పదలచినది వేఱు. ఈ లెక్కలన్నిటియందును అడుగవలసిన ప్రశ్నలు రెండే. కరిగిన వస్తువెంత? అది ఎంతలో కరిగియున్నది? విద్యార్థి మొదటిదానిని మఱవడు. రెండవదానినే మఱచును.

చిత్తూరు ప్రాంతమున చెఱకు గానుగయొద్ద బెల్లము వండుట చూడనివారు మనలో అరుదు. పెనములో పోసిన రసము 100 కిలోలనియు, అందు కరిగిన పదార్థము 18 కిలోలనియు అనుకొందము. గాఢత నూటికి 18. నీరు ఆవిరియై పోవగా రసము 50 కిలోలకు దిగినది. (తీసివేసిన మడ్డి లెక్కను ప్రస్తుతము విడిచిపెట్టుదము.) ఇప్పుడు గాఢత యెంత? 18ని 50చే భాగించి 100చే హెచ్చింపగా 36. గాఢత రెండింతలైనదిగాని కరిగిన పదార్థము ఒక్క గ్రామైనను పెరుగలేదు. పోయినది నీరు మాత్రమే.

ఈ రెండవ ప్రశ్నను మఱచినచో పరీక్షలో మార్కులు పోవును. ఇంటిలోనైతే అంతకంటె ఎక్కువ పోవచ్చును. విరేచనములైన బిడ్డకు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమును చూడుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రకటించిన పాళ్ల ప్రకారము, లీటరునకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోసు 13.5, పొటాసియము క్లోరైడు 1.5, ట్రైసోడియము సిట్రేటు 2.9, వెరసి 20.5 గ్రాములు.

గ్లూకోసు అణుభారము 180. 13.5ను 180చే భాగింపగా 0.075 మోలు వచ్చును. అది ఒక లీటరులో నున్నది గనుక లీటరునకు 75 మిల్లీమోలులు. సోడియము లెక్క కొంచెము మెలికగలది, ఏలయన అది రెండుచోట్లనుండి వచ్చును. 2.6ను ఉప్పు అణుభారమైన 58.5చే భాగింపగా 44 మిల్లీమోలులు. సిట్రేటు అణుభారము, దానితో నంటియున్న నీటితోకూడ, 294. ఒక్కొక్క అణువునకు సోడియములు మూడు. కాబట్టి 2.9ని 294చే భాగించి మూడింతలు చేయగా దాదాపు 30. ఈ మూడింతలు చేయుటను మఱచి తప్పు తెచ్చుకొనువారు ప్రతి తరగతిలోను కలరు. రెండును కలిపి 74. సాధారణముగా 75 అని వ్రాయుదురు.

ఒక తల్లి తొందరలో ఆ పొట్లమంతయు 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపినదనుకొందము. మందు అంతయే, నీరు అయిదవవంతు. సోడియము లీటరునకు 375! మన నెత్తురులో అది 135 మొదలు 145 వఱకు మాత్రమే యుండును. అంత ఉప్పని ద్రావణము బిడ్డకు నీరిచ్చుటకు బదులు శరీరములోని నీటినే ప్రేగులోనికి లాగును; నెత్తురులో ఉప్పు హెచ్చును. పోనీ, రెండు లీటర్లలో కలిపినచో? 37.5 మాత్రమే, పోయిన ఉప్పు బిడ్డకు చాలినంత తిరిగిరాదు.

పాళ్లు సరిగానున్నచో ఏమి జరుగునో 1971లో లోకము చూచినది. బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థులలో కలరా వ్యాపించి, నరములోనికి ఎక్కించు సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహాలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోసు తూచి నీట కలిపించి త్రాగించెను. నూటికి 30 వఱకునుండిన మరణములు 4కు లోపడెను. మన పొరుగుననేయున్న రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు, సులభముగా జీర్ణముకాని మొక్కజొన్న పిండిపదార్థమును లీటరునకు 50 గ్రాములచొప్పున ఆ ద్రావణమునకు చేర్చినచో కలరా రోగుల విరేచనములు తగ్గునని 2000లో ప్రకటించిరి. అక్కడను మాట "లీటరునకు" అనియే.

ఇక ఒక ప్రశ్న మీకు విడిచెదము. నీటిని ముందు కాచి చల్లార్చి, పిమ్మట పొట్లము కలుపవలెనని పెద్దలు చెప్పుదురు. కలిపిన తరువాత కాచినచో నేమి? లీటరు ద్రావణము మఱిగి 800 మిల్లీలీటర్లకు దిగినదనుకొని, సోడియము ఎంతయగునో లెక్కించి చూడుడు. బెల్లపు పెనమును మఱవకుడు.