హెడ్మాస్టరు గారికి కాపీ కొట్టడం నేర్పిన వైనం

మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాణ్ణి చెవి పట్టుకుని బయటికి నడిపించిన మనిషి. 2017 వేసవిలో తెనాలి నుంచి న్యూజెర్సీలో మా ఇంటికొచ్చినప్పుడు, "ఒరే, నాకా కాపీ కొట్టడమేదో నేర్పరా" అని ఆయనే అడిగారు. తాను పనిచేసిన ఊళ్ళ గురించీ, మా తాతల గురించీ మనవల కోసం రాసుకుంటున్నారు. ఒకచోట రాసిన పేరాని ఇంకోచోటికి మార్చుకోవాలి. అంతే పని.

అయిదు నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు నా నిర్వాకమే.

జరిగిందేమిటంటే, రెండు సాయంత్రాలు కూర్చుని రాసిన పేరాని ఆయన కట్ చేశారు. పేస్టు చేసేలోపల ఎవరిదో పేరు గుర్తొచ్చి, దాన్ని కాపీ చేశారు. ఆ తర్వాత పేస్టు కొడితే ఆ పేరొక్కటే వచ్చింది. కంగారులో సేవ్ చేసి మూసేశారు. నేను ఆఫీసు నుంచి రాగానే "ఇలా ఇవ్వండి నాన్నగారూ" అని మౌసు లాక్కుని, పది నిమిషాలు టకటకా నొక్కి, "పోయింది. చెప్పానుగా జాగ్రత్తని" అన్నాను. ఆయనేమీ అనలేదు. కానీ మర్నాటి నుంచి కంప్యూటరు ఉన్న గదిలోకే వెళ్ళలేదు. అమ్మే అంది: "నీకు అక్షరాలు దిద్దించినప్పుడు ఆయన నీ చెయ్యి పట్టుకున్నారు గానీ, పలక లాక్కోలేదురా."

అప్పుడు కూర్చుని ఆలోచించాను, అసలు కష్టం ఎక్కడుందని. మొదటిరోజే ఆయనొక ప్రశ్న వేశారు: "కాపీ అయిందంటున్నావు. ఏదీ?" నేను నవ్వేశాను. నిజానికి అదే అసలు ప్రశ్న. కార్బను కాయితం పెట్టి రాస్తే కింద నకలు కళ్ళకి కనిపిస్తుంది. కంప్యూటర్లో కాపీ కొడితే తెరమీద ఏమీ మారదు. ఆ ముక్క క్లిప్‌బోర్డు అనే కనిపించని చోటికి వెళ్ళి కూర్చుంటుంది. అక్కడ మామూలుగా ఒక్కదానికే చోటు. కొత్తది రాగానే పాతది పోతుంది. అలవాటైపోయి మనం మరిచిపోయిన ఈ సంగతిని వాళ్ళకి చెప్పనే చెప్పం.

రెండోసారి స్కూలు రబ్బరు స్టాంపుతో మొదలుపెట్టాను. కాపీ అంటే స్టాంపు చేయించడం. పేస్టు అంటే ఆ స్టాంపు గుద్దడం. ఎన్నిసార్లయినా గుద్దవచ్చు, అసలు కాయితానికేమీ కాదు. కానీ బల్లమీద ఉండేది ఒక్కటే స్టాంపు. కొత్తది చేయిస్తే పాతది మాయం. కట్ అంటే స్టాంపు చేయిస్తూనే అసలుని చెరిపెయ్యడం. కాబట్టి కట్ చేశాక, పేస్టు అయ్యేదాకా ఇంకో పని పెట్టుకోకూడదు. "ఇది ముందే చెప్పి ఏడవచ్చుగా" అన్నారు నాన్నగారు. నిజమే.

(2018 చివర్లో విండోస్ 10కి ఒక సదుపాయం వచ్చింది. విండోస్ మీటా, వి మీటా కలిపి నొక్కి ఒకసారి ఆన్ చేసుకుంటే, ఆ తర్వాత కాపీ చేసినవన్నీ వరసగా చూపిస్తుంది. మాకది ఏడాది ఆలస్యం.)

ఇప్పుడు ఎవరికైనా నేర్పాల్సివస్తే కాపీ కంటే ముందు కంట్రోల్ జడ్ నేర్పుతాను. చేసిన తప్పుని వెనక్కి తీసుకోవచ్చని తెలిస్తే సగం భయం పోతుంది. ఆ రోజు ఫైలు మూసెయ్యకుండా నాలుగుసార్లు జడ్ కొట్టుంటే, ఆ పేరా తిరిగొచ్చేది.

చేతికి కష్టమైనది సెలెక్టు చెయ్యడం. మౌసు నొక్కిపట్టి లాగడం వణికే వేళ్ళకి నరకం. లాగక్కర్లేదు. మొదట్లో ఒకసారి క్లిక్ చేసి, షిఫ్టు పట్టుకుని చివర్లో క్లిక్ చేస్తే చాలు. వర్డులో ఒక పేరామీద గబగబా మూడుసార్లు క్లిక్ చేస్తే పేరా మొత్తం వస్తుంది. అంత గబగబా నొక్కలేకపోతే మౌసు సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగం తగ్గించవచ్చు. ఫోనులోనైతే మాటమీద వేలు కాసేపు ఆనించి, రెండు పక్కలా వచ్చే బొట్లని జరుపుకోవాలి.

"పేస్టుకి పి ఉండాలిగానీ వి ఏమిట్రా?" అని ఇంకో సందేహం. కీబోర్డు కింది వరసలో జడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉంటాయి, ఎడమచేతికి అందుతాయి. కాలిఫోర్నియాలో జిరాక్స్ వారి పరిశోధనశాలలో 1970ల మధ్య లారీ టెస్లర్, టిమ్ మాట్ ఈ కట్-పేస్టు పద్ధతిని తీర్చిదిద్దింది ఒక పాఠ్యపుస్తకాల ప్రచురణసంస్థ కోసం. అక్కడి ఎడిటర్లు నిజంగానే కత్తెరా జిగురూ పెట్టుకుని పనిచేసేవారు. ఇది విని హెడ్మాస్టరు గారి మొహం వికసించింది.

తెలుగువాళ్ళకి ఉన్న తంటా ఇంకొకటి. తెనాలిలో డీటీపీ షాపులో టైపు చేయించిన పేజీలని ఈ-మెయిల్లోకి పేస్టు చేస్తే అన్నీ పిచ్చి గీతలే. తానేదో పాడుచేశానని బెంగపడ్డారు. తప్పు ఆయనది కాదు. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకుంటాయి. ఆ ఫాంటు లేనిచోట ముసుగు జారిపోతుంది. యూనికోడ్‌లో మన అక్షరాలకి సొంత నంబర్లున్నాయి, అందుకని ఎక్కడ పేస్టు చేసినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి.

చివరగా ఒక హెచ్చరిక. ఎవరో ఫోన్ చేసి "ఈ లైను కాపీ చేసి అక్కడ పేస్టు చెయ్యండి" అంటే చెయ్యొద్దని గట్టిగా చెప్పండి. అలా కంప్యూటర్లోకి దూరే దొంగలున్నారు. ఇండియాలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది.

ఆ పోయిన పేరాని నాన్నగారు మళ్ళీ రాశారు. మొదటిది ఇంకా బాగుండేదని ఇప్పటికీ అంటారు. మొన్న వీడియోలో తెర చూపిస్తూ చదివిస్తుంటే ఒకే పేరా మూడుసార్లు కనబడింది. నేను నోరు తెరిచేలోపే, "ఆగు, స్టాంపు ఎక్కువసార్లు పడింది" అంటూ కంట్రోల్ జడ్ రెండుసార్లు కొట్టారు.