రెండో కేబుల్ ఎందుకు ఖాళీగా ఉంటుంది?

"మా ల్యాబులో రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేశాం. ఒక పోర్టు లైటు ఎప్పుడూ నారింజ రంగులోనే ఉంటోంది. స్పానింగ్ ట్రీని ఆపేస్తే రెండూ పనిచేస్తాయా?" అని ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు అడిగారు. పనిచేస్తాయి, కొన్ని క్షణాలు. ఆ తర్వాత ల్యాబంతా స్తంభించిపోతుంది.

ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క ఉండదు. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమును స్విచ్, అది వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. రెండు దారులుంటే అది తిరుగుతూనే ఉంటుంది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ 1985లో దీనికి విరుగుడుగా స్పానింగ్ ట్రీ పద్ధతిని ప్రచురించారు. స్విచ్‌లు 2 సెకన్లకోసారి బీపీడీయూ సందేశాలు పంపుకుని, ఒకదాన్ని రూట్‌గా ఎంచుకుని, అదనపు దారులను మూసేస్తాయి. నారింజ లైటు అర్థం అదే.

రెండు కేబుళ్లనూ వాడుకోవాలంటే వాటిని స్విచ్ సెట్టింగుల్లో ఒకే కట్టగా కట్టాలి. 1990ల మొదట్లో సిలికాన్ వ్యాలీలోని 'కల్పన' కంపెనీ ఈ పని చేసి ఈథర్‌ఛానల్ అని పేరు పెట్టింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ భార్య పేరే కంపెనీ పేరు. 1994లో సిస్కో దాన్ని కొన్నది. 2000లో ఈ పద్ధతికి 802.3ఏడీ ప్రమాణం వచ్చింది. కట్ట కట్టాక స్పానింగ్ ట్రీకి అక్కడ కనిపించేది ఒక్కటే పోర్టు. ఒక్కటే అయినప్పుడు మూసేయడానికి ఏముంది? బీపీడీయూ కూడా కట్టలోని ఒక్క కేబుల్ మీదే వెళ్తుంది.

నన్ను కట్టిపడేసేది ఈ చివరి వాక్యమే. ఎడమ స్విచ్‌లో చేత్తో కట్ట కట్టి, కుడి స్విచ్‌లో మరచిపోయారనుకోండి. ఎడమదే రూట్. దాని బీపీడీయూ మొదటి కేబుల్ మీదే వస్తుంది. రెండో కేబుల్ మీద ఏమీ రాకపోవడంతో, అటు వేరే స్విచ్ లేదనుకుని కుడి స్విచ్ ఆ పోర్టునూ తెరిచేస్తుంది. ఎడమవైపు కంప్యూటర్ ఒక బ్రాడ్‌కాస్ట్ పంపగానే అది ఒక కేబుల్ మీద వెళ్లి, ఇంకోదాని మీద తిరిగొస్తుంది. ఇక్కడ లూప్ పుడుతుందని చాలామంది రాసేస్తారు. ఈ రెండు స్విచ్‌ల వరకు అది నిజం కాదు. కట్టలోంచి వచ్చిన ఫ్రేమును ఎడమ స్విచ్ మళ్లీ కట్టలోకి పంపదు. జరిగేది ఇంకా ఘోరం. తన పక్కనే ఉన్న కంప్యూటర్ అవతలి వైపు ఉందని ఎడమ స్విచ్, ఏ కంప్యూటర్ ఏ పోర్టు వైపు ఉందో గుర్తుంచుకునే తన ఎంఏసీ పట్టికలో రాసుకుంటుంది. ఇక కుడివైపు నుంచి ఆ కంప్యూటర్‌కు వచ్చే ఫ్రేములు ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతాయి. ఆ కంప్యూటర్ మళ్లీ మాట్లాడగానే పట్టిక సరవుతుంది, మరో బ్రాడ్‌కాస్ట్‌తో మళ్లీ చెడుతుంది. నెట్ వస్తూ పోతూ ఉంటే తప్పు కంప్యూటర్‌దే అనుకుంటాం.

చేత్తో కట్టే బదులు, స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని కట్ట కట్టే ఎల్ఏసీపీ వాడితే ఈ గొడవ రాదు. రెండు వైపులా ఒప్పుకుంటేనే కట్ట ఏర్పడుతుంది. లేకపోతే కేబుళ్లు విడివిడిగా మిగిలి, స్పానింగ్ ట్రీ ఒకదాన్ని మూసేస్తుంది. అయినా నేటికీ చేత్తో కట్టడమే సులువని సలహాలిచ్చేవాళ్లున్నారు!

వేగం మాటకొస్తే, ఒకే ఫైలు కాపీకి రెట్టింపు వేగం ఆశించకండి. చిరునామాలను బట్టి ఒక సంభాషణ అంతా ఒకే కేబుల్ మీద నడుస్తుంది. పదిమంది ఒకేసారి వాడుతుంటే లాభం కనిపిస్తుంది.

అధ్యాపకులకు నా మనవి: స్పానింగ్ ట్రీని ఆపొద్దు. ముందు రెండు స్విచ్‌లలోనూ ఎల్ఏసీపీని యాక్టివ్‌లో పెట్టి, ఆ తర్వాతే రెండో కేబుల్ గుచ్చండి.