గోడ లోపలి కృష్ణజింక

హైదరాబాదునుండి విజయవాడ పోవు రహదారిపై లారీల రొదకు చెవులు చిల్లులు పడుచుండగా, వనస్థలిపురము చెంత ద్వారము దాటి లోనికి పోయినచో గాలియే మారిపోవును. 3,758 ఎకరముల మహావీర హరిణ వనస్థలి యిది. ఒకనాడు నిజాముల వేటభూమి. మహావీరుని నిర్వాణమునకు 2,500 ఏండ్లు నిండిన సందర్భమున 1975లో అభయారణ్యమైనది, 1994లో జాతీయోద్యానమైనది. వేటగాండ్ర నేలకు అహింసామూర్తి పేరు! ఇంతకంటె ప్రాయశ్చిత్తమేమి కావలెను?

ప్రొద్దుననే పోయినవారికి కృష్ణజింకల మంద కానవచ్చును. మగదానికి నల్లని వీపు, తెల్లని కడుపు, మెలితిరిగిన కొమ్ములు. బెదరెనా, మంద మందయే బంతులవలె గాలిలోనికెగయును. కన్నులపండువే. కాని ఆ పరుగు ఆరుబయలు కొరకు పుట్టినది. కృష్ణజింక కీకారణ్యముల జంతువు కాదు, పచ్చికబయళ్ళ ప్రాణి. శత్రువును దూరమునుండియే కనిపెట్టి పరుగెత్తుటయే దానికి రక్ష. పొదలు క్రమ్మినకొలది దాని చోటు తరుగును. కనబడిన బయలునెల్ల చెట్లతో నింపగోరు సజ్జనులకు ఈ మాట రుచింపదు.

గోడ లేకున్న నగరము లోనికి వచ్చును. గోడ యుండుటచే మంద వెలుపలికి పోజాలదు. పరాయి మందల నెత్తురు వచ్చి కలియదు. తరములు గడచినకొలది ఇది చిన్న ముప్పు కాదు.

ఉమ్మడి రాష్ట్రమున కృష్ణజింక రాష్ట్రజంతువు. 2014 పిమ్మట తెలంగాణము చుక్కలజింకను వరించినది. గౌరవము పోయినట్లు దానికి తెలియదు. దానికి తెలిసినది మనుష్యుల అలికిడి. సెలవుదినములలో వచ్చువారు కేరింతలు కొట్టుదురు; మంద చాటునకు పోవును; "ఇచట చూచుటకేమియు లేదు" అని వారు మరలిపోవుదురు.